మా ప్రమీలక్క చేతికి వేడి తెలుసు

సభ నడిపిస్తాండే మన సొసైటీ ప్రెసిడెంటు తిమ్మరాజు గారికి, పట్టు పరిశ్రమ శాఖ నుంచి పని మానుకొని మరీ వచ్చిన ముఖ్య అతిథి వెంకటేశ్వర్లు సారుకు, వేదిక మీద కుర్చీలు చాలక సర్దుకొని కూర్చున్న పెద్దలకు, పెనుకొండ నుంచి వచ్చిన మా అక్క పుట్టింటోళ్ళకు, ధర్మవరం నుంచి వచ్చిన మా పుట్టింటోళ్ళకు, ఇన్నేండ్లూ ఆ ఉడుకునీళ్ళ ఆవిరిలో మా అక్క పక్కన కూర్చొని పట్టుదారం తీసిన ఈ యూనిట్టు అక్కచెల్లెళ్ళకు, భోజనాలు ఎప్పుడు పెడతారా అని ప్రసంగం వింటా వింటా వంటల దిక్కే చూస్తాండే మా చుట్టాలకు, అందరికీ పేరుపేరునా నమస్కారం. (నవ్వులు)

నా పేరు మాధవీలత. ఇయ్యాళ రిటైరవుతాండే ప్రమీలమ్మకు నేను తోడికోడల్ని. ఆయమ్మ భర్త శ్రీనివాసులు బావ పెద్దోడు, మా ఆయన రాఘవేంద్ర చిన్నోడు. హిందూపురంలో ఒకటే ఇల్లు. కింద వాళ్ళు, పైన మేము. నిజానికి ఇంటి తరపున నాలుగు మాటలు మా ఆయన మాట్లాడాల్సింది. పొద్దున్నుంచి అద్దం ముందర నిలబడి "సభకు నమస్కారం, సభకు నమస్కారం" అని అదొక్కటే అంటాండె. దాని తర్వాత మాట రాలే. ఈడికొచ్చి మైకు చూసినాక అది కూడా రాలే. అదో, ఆ స్తంభం పక్కన నిలబడుకొని నన్ను చూసి నవ్వుతాండారు చూడండి. నవ్వండి, నవ్వండి, మీ కథ కూడా వస్తాది. (నవ్వులు)

నా ముందర మాట్లాడిన పెద్దలందరూ ప్రమీలమ్మ పని గురించి చెప్పినారు. ఎంత సన్న దారం తీస్తాదో, ఎంతమంది పిల్లలకు పని నేర్పిందో చెప్పినారు. ఆ సంగతులు నాకు తెలీవు. నేను చీరలకు కుచ్చులు కట్టేదాన్ని. నా చేతికి వచ్చేసరికి ఆ దారం చీరై ఉంటాది. నాకు తెలిసింది ఆయమ్మ చేతులు. బయటినుంచి వచ్చిన చుట్టాలకు తెలీదు గనక చెప్తాండా. పట్టుగూళ్ళను ఉడకబెట్టి, ఆ ఉడుకునీళ్ళలోనే వేళ్ళు పెట్టి, గూడు కొస యాడుందో వెతికి లాగితేనే దారం వచ్చేది. ఈడ కూర్చున్న ఆడోళ్ళ చేతులన్నీ ఒకసారి తిప్పి చూడండి. వేళ్ళ కొసలు నాని నాని, గీతలు కూడా అరిగిపోయి ఉంటాయి. రేషన్ కాడ మా అక్క ఆ వేలిముద్ర మిషను మీద వేలు పెడితే, ఇట్లాంటి మనిషే లేదన్నట్ల ఎర్రలైటు చూపిస్తాది. ఎదురుగా ఇంత మనిషి నిలబడుకొని అరుస్తాంటే! (నవ్వులు) అట్లాంటి వేళ్ళకు ఉడుకునీళ్ళు కూడా చల్లగానే ఉంటాయి. ఆ సంగతి ఆ వేళ్ళున్నోళ్ళకే మనకంటే బాగా తెలుసు. అందుకే మా అక్క ఇంట్లో వేడి ఎప్పుడూ వేళ్ళతో చూడదు. మోచేయి పెట్టి చూస్తాది.

ఆ మోచేయి మా వీధికంతా పేరుపడిన మోచేయి. ఎవరింట్లో పురుడొచ్చినా, పసిబిడ్డకు నీళ్ళు పోసేదానికి మా అక్కే పోవాల. పీట మీద కూర్చొని కాళ్ళు చాపుకొని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకొని, నూనె రుద్ది, సున్నిపిండి రాసి, మోచేత్తో నీళ్ళు చూసి, ఇంగ పోసేది మొదలుపెడితే, ఏడ్చే బిడ్డ కూడా సగంలో నిద్రపోతాది. నా పిల్లోళ్ళకిద్దరికీ ఆయమ్మే పోసింది. నేను ఒకసారి నేర్చుకుందామని కూర్చుంటే, బిడ్డ జారిపోతాదేమో అని నేనే ఏడ్చినా. "లేచి ఈవలికి రా, బిడ్డకంటే నువ్వే ఎక్కువ ఏడుస్తాండావు" అని నన్ను లేపి కూర్చున్న మనిషి. పొద్దున ఈ పని చూసుకొని, ఆ తడి కొంగుతోనే యూనిట్టుకు పరిగెత్తుతాండె. ఏం తిమ్మరాజు గారూ, ఆలస్యంగా వచ్చిందని ఎన్నిసార్లు కసిరినారో మీకే తెలుసు. ఏ బిడ్డ కోసమో ఇప్పుడు తెలిసింది కదా, ఆ కసురు వెనక్కి తీసుకోండి. (నవ్వులు)

ఇప్పుడు పోయినేడు ఎండాకాలం సంగతికి వస్తా. మా కూతురు బుజ్జమ్మ కాన్పుకు మా ఇంటికొచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. మా ఆయన సంబరం చూడాల! తాత అయినందుకు ఇల్లంతా తిరగేసేస్తాడా ఏమి అనిపించింది. ముందు నుంచీ మాది బకెట్టు ఇల్లు. ఒక బకెట్టులో వేడినీళ్ళు పట్టి, దాంట్లో చన్నీళ్ళు కలుపుకొని పోసుకునేది. మనవరాలు వచ్చింది గనక ఇంగ బకెట్టు పనికిరాదంట. మిద్దె మీద సోలార్ పెట్టించె. కింద బాత్రూములో వేడినీళ్ళు, చన్నీళ్ళు రెండూ కలిసొచ్చే మిక్సరు కొళాయి పెట్టించె. దానికి చేత్తో పట్టుకునే జల్లు కూడా తగిలించె. "వదినా, నువ్వు ఇంగ చెంబు ముంచి పోసే పనే లేదు, ఇది పట్టుకుంటే ధారగా వస్తాది" అని మా అక్కకు చూపించి, తానే పసిబిడ్డ మాదిరి మురిసిపోయె. అంత ముచ్చటపడి పెట్టించినాడు కదా, కాదంటే నొచ్చుకుంటాడని అక్క సరే అనింది. ఆయమ్మకు ముందునుంచీ బకెట్టే ఇష్టం.

ఇంకొక పని కూడా చేయించినారు మావారు. పురిటి ఇంటికి వచ్చేవాళ్ళు బయట కాళ్ళు కడుక్కొనే లోపలికి రావాల కదా. అది మన ఆచారం, మంచి ఆచారమే. అందుకని గేటు పక్కనే వాకిట్లో కొత్తగా ఒక కొళాయి వేయించె. వేసింది మన ఉలిగప్ప. ఉలిగప్పా, యాడుండావప్పా? చెయ్యెత్తు! ఆఁ, అదో. హిందూపురంలో ఉలిగప్ప పైపు వేయని ఇల్లు లేదు, తాను వేసిందాంట్లో తప్పుందని ఒప్పుకున్న ఇల్లూ లేదు. (నవ్వులు, చప్పట్లు) కోప్పడొద్దు నాయనా, చివర్లో నిన్ను మెచ్చుకుంటా, అంతవరకు గమ్మున కూర్చో.

బిడ్డను చూసేదానికి గాండ్లపెంట నుంచి మా వియ్యంకురాలు కదిరమ్మ వదిన వచ్చింది. మొదటి వరసలోనే కూర్చోనుండారు, నమస్కారం వదినా. శుభ్రంలో మా వదినను మించినోళ్ళు లేరు. మనం కాళ్ళు కడుక్కున్నామంటే పాదాల మీద నాలుగు నీళ్ళు చల్లుకున్నామని అర్థం. మా వదిన కడుక్కుందంటే, కొళాయి మొత్తం తిప్పి, మోకాళ్ళ దాకా తడిపి, మడమలు రాయికేసి రుద్ది, కాలివేళ్ళ సందులు విడివిడిగా చూసుకొని, ఆ తర్వాత చెప్పులు కూడా కడిగి, అప్పుడు గడప తొక్కుతాది. బస్సు ప్రయాణం ఎంత సేపో, కాళ్ళు కడుక్కునేది అంత సేపు! (నవ్వులు) నవ్వొద్దు, ఆయమ్మ చేసింది తప్పేం కాదు. పసిబిడ్డ ఉండే ఇంటికి అట్లనే రావాల.

ఆ పొద్దు లోపల బాత్రూములో మా అక్క బిడ్డకు నీళ్ళు పోస్తాండాది. నేను తువ్వాలు పట్టుకొని తలుపు కాడ నిలబడినా. బుజ్జమ్మ మంచం మీద పడుకోనుండాది. అక్క మోచేయి పెట్టి చూసింది, నేను చూస్తాండగానే చూసింది. బాగుందని బిడ్డ వీపు మీద జల్లు పట్టింది. బిడ్డ హాయిగా ఉండె. ఉన్నట్టుండి కెవ్వుమనె చూడండి! అట్లాంటి ఏడుపు నేను మళ్ళా వినలే, వినకూడదు కూడా. అక్క జల్లు అవతల పారేసి బిడ్డను ఎత్తుకునింది. లేత వీపు ఎర్రగా కందిపోయింది. ఎండాకాలం సోలార్ నీళ్ళు ఎట్లుంటాయో మీకు తెలుసు, చెయ్యి పెట్టనీవు. ఆటోలో డాక్టరు కాడికి పరిగెత్తితిమి. ఆయన చూసి, భయమేం లేదమ్మా, పైపైనే కందింది అని పూత మందిచ్చె. సాయంత్రానికి ఎరుపు పోయింది, బిడ్డ పాలు తాగి నవ్వింది కూడా. బిడ్డ మరిచిపోయింది. మా అక్క మరిచిపోలే.

ఎవరూ ఒక మాట అనలే. ఇది మాత్రం గట్టిగా చెప్పాల. బుజ్జమ్మ అనలే, మా వదిన అనలే, పైగా "పోనీలే ప్రమీలమ్మా, పిల్లోళ్ళన్నాక ఇట్లాంటివి ఉంటాయి" అనింది. ఇంటికి ప్లంబరును పిలిపించినాం, నీళ్ళు చూపించినాం. ఉలిగప్ప వచ్చి కొళాయి తిప్పి చూసె, గంట సేపు తిప్పి చూసె, వేడి ఎంత పెడితే అంతే వస్తాండాది. "నా పనిలో తప్పు లేదక్కా, నీళ్ళు బంగారం మాదిరి ఉండాయి" అనె. ఆ మాట మా అక్క వినింది. నీళ్ళలో తప్పు లేదంటే మరి తప్పు యాడుంది? చేతిలో ఉంది. ఆయమ్మ అట్ల తేల్చుకునింది.

ఆ మర్నాటినుంచి పీట మీద కూర్చోలే. నేను బకెట్టులో కలిపి, భయపడతా భయపడతా బిడ్డకు పోస్తాంటే, తలుపు కాడికి వచ్చి చూసి, అట్లనే పనికి పోతాండె. వీధి చివర ఇంకొక ఇంట్లో కాన్పయితే పిలిచినారు, నడుం నొప్పి అని అబద్ధం చెప్పింది. నేను ఊరుకుంటానా? పట్టుకొని అడిగినా.

"ఏమక్కా, నువ్వు వేళ్ళతో చూసినావా ఏమన్నా? మోచేత్తోనే కదా చూసినావు. నా కండ్లతో నేను చూస్తి."

"అదేనే నా భయం" అనింది. "వేళ్ళు చచ్చిపోయినాయని నాకు ఎప్పుడో తెలుసు. మోచేయి ఉండాదిలే అనుకుంటి. ఆ పొద్దు మోచేతికి నీళ్ళు బాగుండాయనే తెలిసింది. బిడ్డకేమో కాలింది. అంటే ఇంగ నా వంట్లో వేడి తెలిసే చోటు లేదే మాధవీ. ఇంగ నేను ఏ బిడ్డనీ ముట్టను."

చూడండి, నేను నోరు గల దాన్ని. మా అత్తతో గెలిచినా, రేషన్ షాపులో గెలిచినా, మా ఆయనతో రోజూ గెలుస్తాండా. ఆ మాట కాడ మాత్రం ఓడిపోతి. ఊరికే కోపమొచ్చింది. ఆయమ్మ మీద కోపం, నీళ్ళ మీద కోపం, దేవుడి మీద కోపం. మేం ఇద్దరం కలిసి కూర్చొని కాఫీ తాగేది కూడా తగ్గిపోయె. ఇంతలో ఇంకొక సంగతి తెలిసింది. ఆయమ్మ వచ్చి తిమ్మరాజు గారిని, "సారూ, నా చేతులకు వేడి తెలీడంలే, గడువు దాకా ఉండలేను, నన్ను ముందే పంపించేయండి" అని అడిగిందంట. సారూ, ఆ పొద్దు మీరు "రవ్వన్ని దినాలు చూద్దాంలే ప్రమీలమ్మా" అన్నారు చూడండి, మీ కాళ్ళకు మొక్కాల. మీరు సరే అనింటే, చేతగానిదాన్నయిపోయినానని తల వంచుకొని ఆ గేటు దాటి పోయుండేది. ఈ శాలువా లేదు, ఈ సభ లేదు. (చప్పట్లు)

ఇంగ ఉలిగప్ప మళ్ళా రంగంలోకి వస్తాడు. ఒక పొద్దు నేను కింద బాత్రూములో తలకు పోసుకుంటాండా. గోడకు తగిలించిన జల్లు కిందనే పోసుకుంటాండా, సీకాయ నురగ కండ్లలో పడింది. ఉన్నట్టుండి నడినెత్తిన సలసల కాగే నీళ్ళు! "అయ్యో చచ్చిపోతి!" అని అరిచినా. అరుస్తానే మళ్ళా నీళ్ళు చల్లబడె. ఊపిరి తీసుకుంటాండగా మళ్ళా కాగె. మళ్ళా అరిచినా.

బయటినుంచి మొగమనిషి గొంతు. "ఏమైందక్కా? పామేమన్నా వచ్చిందా?"

"ఎవరప్పా అది?"

"నేనక్కా, ఉలిగప్పను. వంటింట్లో కొళాయి కారతాండాదని అన్న రమ్మంటే వస్తి. ఇంట్లో పసిబిడ్డ ఉండాది కదా, కాళ్ళు కడుక్కుంటాండా."

"ఏ కొళాయి కాడ?"

"నేను వేసిందే, గేటు కాడ."

నేను గోడ పక్కకు జరిగి, చెయ్యి మాత్రం జల్లు కింద పెట్టి, "ఉలిగప్పా, కొళాయి కట్టేయ్" అన్నా. కట్టేసినాడు. నీళ్ళు చల్లబడె. "తిప్పు" అన్నా. తిప్పినాడు. చెయ్యి చురుక్కుమనె. "కట్టెయ్!" "తిప్పు!" "కట్టెయ్!" అటుపక్క మా బావ టీవీ ఆపేసి, తోడికోడలికి పిచ్చిపట్టిందని మా అక్కకు ఫోను చేసినాడు. (నవ్వులు) అవునా కాదా బావా?

తలకు తువ్వాలు చుట్టుకొని బయటికొస్తి. కదిరమ్మ వదినకు ఫోను చేస్తి. "వదినా, ఒక్క మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. ఆ పొద్దు బిడ్డ ఏడ్చేటప్పటికి నువ్వు లోపలికి వచ్చినావా, ఇంకా కాళ్ళు కడుక్కుంటాండావా?"

"ఏమి, నా కాళ్ళ మీద పెడతాండారా ఇప్పుడు?" అనె వదిన. ఆయమ్మ కోపం గాండ్లపెంట నుంచి ఫోను లేకున్నా వినపడుంటాది. (నవ్వులు) "కాదు వదినా, నీ కాళ్ళకు దండం పెడతా, చెప్పు." వదిన గుర్తు చేసుకొని, "కడుక్కుంటాంటేనే వినపడె. ఒక కాలు అయింది, రెండో కాలు మధ్యలో వదిలేసి లోపలికి పరిగెత్తొస్తి. ఏంటికి అడుగుతాండావు?" అనింది.

సంగతి ఏమంటే, మిద్దె మీద ట్యాంకు నుంచి కిందికి దిగే చన్నీళ్ళ పైపు ఒకటే. వంటింటికి అదే, బాత్రూముకు అదే. ఉలిగప్ప కొత్త కొళాయిని కూడా దగ్గర్లో దొరికిందని దానికే అతికించినాడు. వేడినీళ్ళ పైపు మాత్రం సోలార్ నుంచి నేరుగా బాత్రూముకు వస్తాది, దాంట్లో ఎవరూ వాటా అడగరు. వాకిట్లో ఎవరన్నా కొళాయి మొత్తం తిప్పితే, చన్నీళ్ళన్నీ పల్లానికి అట్ల పారిపోతాయి. లోపల మిక్సరులో చన్నీళ్ళు తగ్గి, వేడినీళ్ళు ఒకటే దూకుతాయి. ఎవరూ కాళ్ళు కడుక్కోనప్పుడు చూస్తే నీళ్ళు బంగారమే. బిడ్డకు నీళ్ళు పోసే పొద్దుకే కదా చుట్టాలు చూసేదానికి వచ్చేది, వచ్చినోళ్ళు కాళ్ళు కడుక్కునేది! ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఈడ మద్దెల నిజంగానే ఓడు, ఆడేదేమో తన చేతులదే తప్పని ఏడుస్తా కూర్చుంది.

ఇంగ తిలా పాపం తలా పిడికెడు. కొళాయి పెట్టమనింది మా ఆయన, దొరికిన పైపుకు అతికించింది ఉలిగప్ప, తిప్పింది వదిన. నేనేం తప్పు చేసినానా అని వెతికినా, దొరకలే. (నవ్వులు)

అందరినీ కూర్చోబెట్టి చెప్తే మా ఆయన వెంటనే, "చన్నీళ్ళకు ఒక పంపు పెట్టేద్దాం, జోరుగా వస్తాది" అనె. అప్పుడు ఉలిగప్ప అన్న మాట మెచ్చుకోవాల. "వద్దన్నా. ఒకదానికే జోరు పెంచితే అది రెండోదాన్ని వెనక్కి తోస్తాది. చన్నీళ్ళు పోయి సోలార్‌లో పడతాయి, మీకు వేడినీళ్ళే రావు. ఇద్దరూ సమానంగా రావాల" అనె. తన తప్పు అని మాత్రం అనలే సుమా. "ఇది పైపు చేసిన మోసం అక్కా" అనె. (నవ్వులు) తర్వాత చేసిన పని మాత్రం శుద్ధమైన పని. ట్యాంకు నుంచి బాత్రూముకు అని వేరుగా ఒక చన్నీళ్ళ పైపు దింపినాడు. వేడినీళ్ళ పైపు ఎంత లావో అంతే లావు, మధ్యలో ఎవరికీ వాటా లేదు. నీళ్ళు వెనక్కి పోకుండా రెండిటికీ చెరొక వాల్వు పెట్టినాడు. వాకిట్లో కొళాయిని పాత పైపుకే వదిలేసినాడు, ఎంతమంది ఎంత సేపు కడుక్కున్నా లోపలికి సంబంధం లేకుండా. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు కదా, తోడు ఉండాలంటే ఇద్దరిదీ ఒకే బలం ఉండాల. లేకుంటే అది తోడు కాదు, తొక్కుడు.

ఇదంతా అక్కకు చెప్తే నమ్ముతాదా? "నా మనసు కోసం కథలు అల్లుతాండావు" అనె. కదిరమ్మ వదిన ఆ సంగతి విని, ఎవరూ పిలవకుండానే బస్సెక్కి వచ్చింది. "నా కాళ్ళ మీద మాట వచ్చింది, నేనే వచ్చి తేల్చుకుంటా" అని గేటు కాడ కొళాయి మొత్తం తిప్పి నిలబడింది. బావ వంటింట్లో కొళాయి తిప్పినాడు. మా ఆయన పైన తిప్పినాడు. నేను అక్క చెయ్యి పట్టుకొని లాక్కొనిపోయి, జల్లు కింద మోచేయి పెట్టించినా.

కండ్లు మూసుకొని నిలబడింది. వాకిట్లో వదిన మడమలు రుద్దుకునే చప్పుడు వినపడతాండాది.

"ఏమక్కా?"

"మారలే."

"కొళాయి కట్టేయమనేదా?"

"వద్దు. ఇంకొకసారి తిప్పమను."

ఇంకొకసారి, మళ్ళా ఇంకొకసారి. ఆ దినం హిందూపురంలో మా వదిన కాళ్ళకంటే తెల్లని కాళ్ళు లేవు. (నవ్వులు) ఆఖరికి అక్కే ఉలిగప్పను పిలిచి, ఒక్క పూటకు పాత పైపు మళ్ళా కలపమనింది. అతడు గొణుక్కుంటా కలిపినాడు. వదిన వాకిట్లో తిప్పింది. అక్క మోచేయి చటుక్కున వెనక్కి తీసుకునింది. "అమ్మా, కాలింది!" అనింది.

కాలిందని అంత సంతోషంగా అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలే.

"మాధవీ, నాకు తెలిసిందే. నాకు వేడి తెలిసింది" అనింది. ఆ బాత్రూము గడప మీదనే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చినా. ఉలిగప్ప పైపు విప్పేదానికి పోయి, విప్పకుండా గోడ దిక్కు తిరిగి నిలబడుకున్నాడు. కదిరమ్మ వదిన తడి కాళ్ళతో లోపలికొచ్చి, ఉయ్యాల్లో బిడ్డను తెచ్చి, "ఇంగ చాల్లే ప్రమీలమ్మా, కాళ్ళు చాపు. నా మనవరాలికి నువ్వే నీళ్ళు పోయాల. మీ చెల్లెలు పోస్తే బిడ్డకు సగం నానదు, సగం ఆరదు" అనింది. అదేం మాటో నాకు ఈ పొద్దుటికీ తెలీదు గానీ, నేను ఏమీ అనుకోలే. (నవ్వులు, చప్పట్లు)

అన్నట్టు, ఇంత తవ్వి, ఇన్ని పైపులు వేసి, రెండు వాల్వులు పెట్టి, సిమెంటు పూసినాక మా అక్క ఏమనిందో తెలుసా? "పైపులు బాగుండాయి రాఘవేంద్రా. ఈ జల్లు మీరు పోసుకోండి. బిడ్డకు మాత్రం నేను బకెట్టులో కలిపే పోస్తా." మా ఆయన మొగం చూడాల! అదో, ఇప్పుడూ అట్లనే ఉండాది చూడండి. (నవ్వులు)

అట్ల మా అక్కకు తన చేతుల మీద మళ్ళా నమ్మకం వచ్చింది. మీ కాడ గడువు దాకా కూర్చొని దారం తీసింది. ఇయ్యాళ తల ఎత్తుకొని పోతాండాది. తిమ్మరాజు గారూ, వెంకటేశ్వర్లు సారూ, మీరు ఈ చేతులను శానా ఏండ్లు వాడుకున్నారు. ఇయ్యాళ మాకు తిరిగి అప్పజెప్తాండారు. బాగుండాయా లేదా అని మేం ముందే పరీక్ష చేసుకున్నాం, బాగుండాయి, తీసుకుంటాండాం. ఈ యూనిట్టు పిల్లలకు ఒక మాట చెప్తా. వేళ్ళకు వేడి తెలీకపోతే, మనమే పనికిరాకుండా పోయినామని అనుకోవద్దండి. ముందు నీళ్ళు చూడండి, పైపు చూడండి, వాకిట్లో ఎవరు కొళాయి తిప్పినారో చూడండి. మన ఆడోళ్ళకు ఒక జబ్బు ఉండాది, యాడ ఏం తప్పు జరిగినా ముందు మన చేతులే చూసుకుంటాం.

అందరికీ ధన్యవాదాలు. శాలువా కప్పిన పెద్దలకు, దండలు తెచ్చిన పిల్లలకు, పని మానుకొని వచ్చిన చుట్టాలకు, ఇంతసేపు నా మాటలు భరించిన మీకందరికీ. నేను మాట్లాడాల్సింది మీతో అయిపోయింది. ఇంగ ఒక్క మాట మా అక్కతో ఉండాది, మీరు కూడా వినొచ్చు.

అక్కా, తల వంచుకోవద్దు, ఇట్ల చూడు. మా ఇంట్లో పిల్లోళ్ళకు, వీధిలో పిల్లోళ్ళకు, బాలింతలకు, చివరి దినాల్లో మంచం పట్టిన మన అత్తకు కూడా నువ్వే నీళ్ళు పోసినావు. నువ్వు కోడలై వచ్చినాక నీకెవరన్నా పోసినారా? నేను వచ్చినప్పటినుంచి చూస్తాండా, ఎవరూ పోయలే. పనికి యాళయిందని రెండు చెంబులు గబగబా పోసుకొని పరిగెత్తేదే నాకు తెలుసు. రేపు పొద్దున నీకు యాడికీ పోయే పని లేదు. నూనె నేను కాస్తా. సీకాయ నేను నానబెడతా. పీట మీద నువ్వు కూర్చో, నేను పోస్తా.

నీళ్ళలో మోచేయి పెట్టి చూడొద్దు. రేపు వేడి నేను చూస్తా, నువ్వు ఊరికే కండ్లు మూసుకో.

సెలవు.